కళ్లు తిరగడం, తల తిరగడం, తూలడం: పెద్దవాళ్లు అంటున్నది ఏది?

అందరికీ నమస్కారం. "కళ్లు తిరుగుతున్నాయి" అన్న మాట మీద మీ అందరి అభిప్రాయం కావాలి.

పొద్దున టిఫిన్ ఆలస్యమైతే కళ్లు తిరుగుతాయి. మే నెల ఎండలో బెంజి సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడితే కళ్లు తిరుగుతాయి. బంగారం ధర విన్నా కళ్లు తిరుగుతాయి. మామూలు మాటల్లో దీనివల్ల వచ్చే ఇబ్బందేమీ లేదు. డెబ్బై దాటిన మనిషి డాక్టరు ముందు కూర్చుని ఇదే మాట అన్నప్పుడే చిక్కు. పక్కన ఉన్న మనం కూడా "అవునండీ, కళ్లు తిరుగుతున్నాయంట" అని ఊరుకుంటాం. చీటీ మీద గిడ్డీనెస్ అని పడుతుంది.

నిజానికి తెలుగులో దీనికి బోలెడు మాటలున్నాయి, ఒక్కొక్కటి ఒక్కో బాధ. వాటిని వాడుకలో ఉంచుకోవాలని నా గట్టి కోరిక.

మా అత్తగారి సంగతి చెబుతాను. తెల్లవారుజామున మంచం మీద కుడివైపుకు ఒత్తిగిలగానే "అమ్మాయ్, గది గిర్రున తిరిగిపోతోంది, పట్టుకో" అని మంచం పట్టె బిగించి పట్టుకున్నారు. అర నిమిషంలో సర్దుకుంది. సూర్యారావుపేటలో డాక్టరు దగ్గరకు వెళ్లాక మాత్రం "కళ్లు తిరుగుతున్నాయి బాబూ" అన్నారంతే. బీపీ చూశారు, బాగానే ఉంది. అప్పుడు నేను ఆవిడ మంచం మీద అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. గది తిరిగింది, ఒత్తిగిలినప్పుడే తిరిగింది అని. డాక్టరుగారు వెంటనే ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, వెనక్కి పడుకోబెట్టారు. రెండు మూడు క్షణాలు ఏమీ లేదు. ఆ తర్వాత కనుగుడ్లు వాటంతట అవే గబగబా కొట్టుకోవడం నాకూ కనిపించింది.

లోపలి చెవిలో సున్నపు పలుకుల్లాంటి సన్నటి స్ఫటికాలు ఉంటాయట. వయసుతో పాటు అవి ఊడి, చెవిలోని అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి జారతాయి. తల కదిపినప్పుడల్లా అవి కదిలి, మనిషి తిరుగుతున్నట్టు మెదడుకు తప్పుడు కబురు వెళుతుంది. పైన అరలో డబ్బా అందుకోబోయినా, దండెం మీద బట్టలు వేయబోయినా వస్తుంది. నిమిషంలోపే పోతుంది. తలను వరసగా నాలుగు భంగిమల్లో తిప్పే ఎప్లీ అనే పద్ధతితో ఆ పలుకులను వాటి చోటికి పంపిస్తారు. ఆవిడకు అదే చేశారు. మెడ ఎముకలు అరిగినవాళ్లకు జాగ్రత్తగా చేయాలి కాబట్టి వీడియో చూసి ఇంట్లో ప్రయత్నించకండి.

ఇది "గిర్రున తిరగడం". "కళ్లు బైర్లు కమ్మడం" వేరు. అప్పుడు ఏదీ తిరగదు, కళ్ల ముందు చీకట్లు కమ్ముతాయి. కూర్చున్నవాళ్లు గబుక్కున లేచినప్పుడు వస్తే చాలాసార్లు బీపీ పడిపోవడమే. లేచి నిలబడిన మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు, ప్రోస్టేట్‌కు ఇచ్చే కొన్ని మందులు, మన వేసవిలో చెమటకు ఒంట్లో నీరు తగ్గడం, ఏదైనా కారణం కావచ్చు. అందుకే కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని అడగాలి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఇక "తూలడం". తల తేటగానే ఉంటుంది, కాళ్లే చెప్పినట్టు వినవు. మీ వైపు ఇంకేమంటారో రాయండి.

గుంటూరు నుంచి ఒక తెలుగు మాస్టారు:
మంచి చర్చ ఎత్తుకున్నావమ్మా. "మూర్ఛ" అన్న మాటను కూడా చేర్చు. గజేంద్ర మోక్షంలో పోతన "మూర్ఛ వచ్చె" అన్నది ఒంట్లో సత్తువ అయిపోయి స్పృహ తప్పడాన్ని. మా అమ్మ తరం కూడా అలాగే వాడేది. ఇప్పుడు మూర్ఛ అంటే ఫిట్స్ జబ్బే. ఎనభై ఏళ్ల ముసలమ్మ "మూర్ఛపోయాను నాయనా" అంటే, కుర్ర డాక్టరుకు చేతులు కాళ్లు కొట్టుకున్నాయనే అర్థమవుతుంది. సొమ్మసిల్లింది అంటే గొడవే లేదు. పడిపోయాక ఒళ్లు బిగుసుకుందా, వేలాడిపోయిందా అన్నది చూసినవాళ్లే చెప్పాలి.

మాస్టారూ, ఈ తేడా నాకు తట్టనే లేదు. చాలా ఉపయోగపడే మాట చెప్పారు.

విజయవాడ నుంచి ఒక నర్సు:
మా వార్డులో ఎక్కువగా వినేది "సోలిపోతున్నాను" అన్న మాట. షుగర్ మాత్రలో ఇన్సులినో తీసుకునే పెద్దవాళ్లు కార్తీక సోమవారం, ఏకాదశి ఉపవాసాలుండి వస్తారు. చెమటలు, వణుకు, మాట తికమక. షుగర్ 70 కంటే తక్కువ ఉంటుంది. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే చక్కెర నీళ్లు పట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. "పైత్యం చేసిందిలే" అని అల్లం రసం, నిమ్మకాయ ఇచ్చి పడుకోబెట్టేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది అక్కా.

గుంటూరు నుంచి ఒక ఫిజీషియన్:
మీ మాటల పట్టిక బాగుంది. అయితే ఒక హెచ్చరిక చేయాలి. తిరగడం, స్పృహ తప్పబోవడం, తూలడం, ఏదీ కాని దిమ్ము అని నాలుగు రకాలుగా విడదీసి కారణం వెతకడం 1972 నుంచి వైద్యంలో ఉంది. తర్వాత, 2007లో వచ్చిన ఒక పరిశీలనలో, కొద్ది నిమిషాల తేడాతో మళ్లీ అడిగితే సుమారు సగం మంది తమ మాట మార్చేశారు. తెలుగువాళ్లయినా అంతే. అందుకని మేం మాటతో పాటు మూడు అడుగుతాం: ఎంతసేపు ఉంది, ఏం చేస్తే వచ్చింది, వెంట ఇంకేం ఉంది. రోజుల తరబడి ఆగకుండా తిరుగుతుంటే లోపలి చెవి నరం వాపు కావచ్చు. గంటల కొద్దీ తిరిగి, చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉంటే మెనియర్ జబ్బు వైపు చూస్తాం. గుండె దడతో వస్తే ఈసీజీ. ఇక చీకట్లో, కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు తూలేవాళ్లకు పాదాల స్పర్శ పరీక్షించాలి. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని ఉండొచ్చు, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 కూడా తగ్గొచ్చు.

అన్నిటికంటే నేను భయపడేది ఉన్నట్టుండి మొదలైన తూలు గురించి. చిన్నమెదడుకు రక్తం అందకపోతే చేతులు కాళ్లు పడిపోకుండానే, ఒక్క తల తిరగడం, నిలబడలేకపోవడంతోనే పక్షవాతం రావచ్చు. మూతి వంకర పోలేదు కదా అని ఇంట్లో ఆగిపోతారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటల గడువే ఉంటుంది.

తెనాలి నుంచి ఒక సభ్యుడు:
డాక్టరు గారూ, అలాంటప్పుడు 108కి ఫోన్ చేసి ఏ మాట వాడాలి? టెన్షన్‌లో నోటికి వచ్చేది "కళ్లు తిరిగాయి" అనే కదండీ.

ఫిజీషియన్:
ఆ ఒక్క మాటతో ఆపకండి. చూసింది చూసినట్టు చెప్పండి. "ఉన్నట్టుండి నిలబడలేకపోతున్నారు, ఒక పక్కకు పడిపోతున్నారు, మాట ముద్దగా వస్తోంది, ఒక్కటి రెండుగా కనిపిస్తున్నాయంటున్నారు." వీటిలో ఉన్నవే చెప్పండి. ఆఖరుసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో తప్పకుండా చెప్పండి. రాత్రి తొమ్మిదికి బాగా ఉండి పడుకుని, ఐదుకి లేచి తూలితే, మేం లెక్క మొదలుపెట్టేది తొమ్మిది నుంచే.