‘ముందు’ సిలిండర్ ఏది? ఫైరింగ్ ఆర్డర్‌ను తెలుగులో చెప్పేటప్పుడు

ప్రశ్న: ఐటీఐ పిల్లల కోసం ఇంజన్ నోట్సు తెలుగులో రాస్తున్నాను. ఫైరింగ్ ఆర్డర్‌కు, అంటే సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే క్రమానికి, ‘జ్వలన క్రమం’ అని పెట్టాను. దాని కింద ‘ముందున్న సిలిండర్ ఒకటోది. సిలిండర్లు 1-3-4-2 వరుసలో మండుతాయి’ అని రాశాను. ‘మూడో సిలిండర్ రెండోది ఎలా అయింది సార్?’ అని పిల్లలు అడుగుతున్నారు. వాక్యం ఎలా మార్చమంటారు?

జవాబు: మాస్టారూ, ‘జ్వలన క్రమం’ మంచి మాటే, ఉంచండి. చిక్కంతా ‘ముందు’, ‘వరుస’ల్లో ఉంది. గుడి ముందు అంటే చోటు, పెళ్లికి ముందు అంటే సమయం. ‘వరుస’ కూడా అంతే: వరుసలో నిలబడతాం, వరుసగా మూడు రోజులు వాన కురుస్తుంది. సిలిండర్ నంబరు చోటును బట్టి వస్తుంది, ఫైరింగ్ ఆర్డర్ సమయాన్ని బట్టి. రెండింటినీ ఒకే మాటతో చెబితే పిల్లలు తికమకపడక ఏం చేస్తారు?

మెకానిక్ షెడ్డులో దీనివల్ల నిజంగానే బండి ఆగిపోతుంది. ఒక్కో సిలిండర్‌కు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత అంబాసిడర్ తీసుకోండి. ప్లగ్ వైర్లు ఊడదీశాక ‘వరుసగా పెట్టరా’ అంటే, కొత్తగా చేరిన కుర్రాడు డిస్ట్రిబ్యూటర్ క్యాప్ చుట్టూ 1, 2, 3, 4 అని పెట్టేస్తాడు. క్యాప్ లోపలి రోటర్ తిరిగే దిశలో ఉండాల్సింది 1, 3, 4, 2. ఒకటో నంబరుకు తప్ప మిగతా మూడింటికీ స్పార్క్ వేళ తప్పి అందుతుంది. ఎంత సెల్ఫ్ కొట్టినా ఇంజన్ అందుకోదు, కార్బురేటర్‌లోంచి బ్యాక్‌ఫైర్ కొడుతుంది.

నేనైతే సమయానికి ‘వంతు’ వాడతాను. ‘మొదట ఒకటో నంబరు మండుతుంది, తర్వాత మూడో నంబరు వంతు, ఆపైన నాలుగు, చివరికి రెండు.’ ఇలా చెబితే కారణం కూడా చెప్పడం తేలిక. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ మీద 1, 4 పిస్టన్లు జతగా పైకొస్తాయి, అప్పుడు 2, 3 జతగా కింద ఉంటాయి. ఒకటి మండాక క్రాంక్ అర చుట్టు తిరిగేసరికి పైనుండేది 2, 3 జతే కాబట్టి తర్వాతి వంతు ఆ రెండింట్లో ఒకదానిదే. మరో అర చుట్టుకు నాలుగు, ఆ తర్వాత మిగిలినది. అంటే ఇలాంటి నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు 1-3-4-2 గానీ, 1-2-4-3 గానీ తప్ప వేరే దారి లేదు. మొత్తం నాలుగు వంతులకు క్రాంక్ రెండు చుట్లు, 720 డిగ్రీలు. మూడు సిలిండర్ల మారుతి 800లో 1-3-2, వంతుకూ వంతుకూ మధ్య 240 డిగ్రీలు.

ఇంకొకరు: వంతు బావుంది కానీ, ‘నాలుగో వంతు’ అంటే పావు అని కదండీ అర్థం!

జవాబు: నిజమే, మంచి మాట పట్టుకున్నారు. అందుకే ‘మూడో వంతు’, ‘నాలుగో వంతు’ అని ఎక్కడా రాయకూడదు, ‘నాలుగో నంబరు వంతు’ అనాలి. మధ్యలో ‘నంబరు’ ఉంటే అది సిలిండర్ పేరని తెలిసిపోతుంది. బండి లోపాలు చదివే స్కానర్‌లో పీ0303 అని కోడ్ వస్తే మిస్‌ఫైర్ అవుతున్నది, అంటే సరిగా మండనిది, మూడో నంబరు సిలిండర్, వంతులో మూడోది కాదు. 1-3-4-2లో వంతు ప్రకారం మూడోది నాలుగో నంబరు. ఈ తేడా తెలియకపోతే బాగున్న ప్లగ్ మార్చి, పాడైనది వదిలేస్తారు.

ఇక ‘ముందున్న సిలిండర్’. అంబాసిడర్‌లో ఇంజన్ బండి పొడవునా ఉంటుంది కాబట్టి రేడియేటర్ పక్కదే ఒకటి, ‘ముందు’ సరిపోతుంది. మారుతి 800లో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, సిలిండర్లన్నీ రేడియేటర్‌కు సమాన దూరంలోనే ఉంటాయి. అక్కడ ‘ముందు’కు అర్థమే లేదు. ‘టైమింగ్ బెల్ట్ వైపు చివర ఉన్నది ఒకటో నంబరు’ అని రాయండి, ఏ పిల్లాడైనా వేలు పెట్టి చూపిస్తాడు.

ఇంకొకరు: రెనో 1.5 డీజిల్‌లో లెక్క ఫ్లైవీల్ వైపు నుంచి కదా అన్నా?

జవాబు: అవును, అక్కడ గేర్‌బాక్స్ పక్కదే ఒకటి. మాస్టారూ, ఆ వాక్యానికి ముందు ‘మారుతి 800లో’ అని తప్పకుండా చేర్చండి. వేరే బండికి మాన్యువల్‌లో బొమ్మ చూసి, ఒకటో నంబరు ఏ చివర ఉందో ఆ చివరనున్న భాగం పేరుతోనే చెప్పండి.