కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక వైఫై మాయం: తప్పు లినక్స్‌దా, కార్డుదా?

చెరువుగట్టు:
మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, నేను ఉద్యోగానికి హైదరాబాద్‌లో ఉంటున్నాను. అన్నయ్య రొయ్యల చెరువుల మేత లెక్కలు రాసుకునే పాత లాప్‌టాప్ ఒకటుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు అయిపోయింది, 11 దాని మీద ఎక్కదు, అందుకని సంక్రాంతికి వచ్చినప్పుడు ఉబుంటు లినక్స్ వేసి వెళ్ళాను. బాగానే నడిచింది. మొన్న కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ అయ్యాక సెట్టింగ్స్‌లో వైఫై అడాప్టరే లేదంటోంది. అదీ సరిగ్గా రొయ్యల పట్టుబడి ముందు రోజు. అన్నయ్య ఫోన్‌లో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఇంతకీ తప్పు లినక్స్‌దా, వైఫై కార్డుదా?

స్క్రూడ్రైవర్ (భీమవరం):
లినక్స్‌దే. నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఆగిపోతే ఇంకెవరిది?

వశిష్ఠ ఒడ్డు:
తీర్పు తర్వాత చెప్పుకుందాం, ముందు రోగం చూడాలి. తమ్ముడూ, అన్నయ్య చేత టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే నల్ల తెర) రెండు కమాండ్లు కొట్టించు: ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్, ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ ఎన్‌ఎన్‌కే. మొదటి దాంట్లో హార్డ్ బ్లాక్ అని వస్తే లాప్‌టాప్ పక్కన ఉన్న వైఫై స్విచ్చో, కీబోర్డు మీది కీనో నొక్కేసి ఉంటారు. రెండో దాంట్లో కార్డు కింద ఏ డ్రైవరు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతోందో ఒక లైను ఉండాలి. ఆ లైను ఉందా లేదా, అదొక్కటి చెప్పు చాలు.

కొబ్బరాకు (అమలాపురం):
రూటర్ 13వ ఛానల్లో ఉందేమో చూడండి. మా బావ అమెరికా నుంచి తెచ్చిన లాప్‌టాప్‌తో మూడు రోజులు చచ్చాం. అక్కడి సెట్టింగులో 12, 13 ఛానళ్ళు కనపడవు, మన దేశంలో 13 దాకా వాడొచ్చు. కరెంటు పోయి వచ్చాక రూటర్ దానంతటదే 13కి ఎక్కి కూర్చుంది.

వశిష్ఠ ఒడ్డు:
మీకు కనపడనిది ఒక్క నెట్‌వర్క్ అండీ, ఇక్కడ అడాప్టరే కనపడటం లేదు. రెండూ ఒకటి కావు.

కొబ్బరాకు:
చూస్తే పోయేదేముంది?

చెరువుగట్టు:
అన్నయ్య ఫొటో తీసి పంపాడు. కార్డు బ్రాడ్‌కామ్ 43142. డ్రైవరు లైను లేదు. ఆర్‌ఎఫ్‌కిల్‌లో బ్లూటూత్ తప్ప ఇంకేం లేదు.

వశిష్ఠ ఒడ్డు:
అనుకున్నాను. ఆ కార్డుకు కెర్నెల్‌లో డ్రైవరు లేదు. బ్రాడ్‌కామ్ ఇచ్చిన డబ్ల్యూఎల్ అనే డ్రైవరు బయటి నుంచి వేసుకోవాలి, దాని లోపల ఏముందో వాళ్ళు ఎవరికీ చూపించరు. కెర్నెల్ మారిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనే పనిముట్టు దాన్ని కొత్త కెర్నెల్‌కు సరిపడేలా మళ్ళీ తయారు చేస్తుంది, అందుకు ఆ కెర్నెల్ హెడర్లు, అంటే డ్రైవరు తయారీకి కావాల్సిన ఫైళ్ళు, డిస్కులో ఉండాలి. లేకపోతే అక్కడే ఆగిపోతుంది. సెక్యూర్ బూట్ (డిజిటల్ సంతకం లేనిదాన్ని రానివ్వని సెట్టింగు) ఆన్‌లో ఉండి ఆ డ్రైవరుకు సంతకం లేకపోయినా ఇదే గతి. కాబట్టి తప్పు కార్డుది, దాన్ని చేసిన కంపెనీది.

స్క్రూడ్రైవర్:
అదే కార్డు విండోస్‌లో అన్నేళ్ళు నడిచింది కదండీ మాస్టారూ. అప్పుడు మంచిది, ఇప్పుడు చెడ్డదా?

వశిష్ఠ ఒడ్డు:
విండోస్‌కి డ్రైవరు ఆ కంపెనీయే రాసి ఇస్తుంది. అయినా మీ షాపులో వేసేది కొన్న విండోసేనా?

పూతరేకు:
అబ్బో, మొదలైంది.

స్క్రూడ్రైవర్:
నా షాపు గురించి మాట్లాడతారేంటండీ? లైసెన్సు డబ్బులు అడిగితే కస్టమరు పక్క షాపుకి పోతాడు. ఇక్కడి మాట ఇక్కడ తేల్చండి. హెడర్లు అన్నారుగా, అవి ఎందుకు లేవో ఆ అబ్బాయిని అడగండి.

చెరువుగట్టు:
డిస్కు నిండిపోతోందని ఏదో వీడియో చూసి హెడర్ల ప్యాకేజీ నేనే తీసేశాను. దానికీ వైఫైకీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

స్క్రూడ్రైవర్:
చూశారా! ఇదండీ నా గొడవ. లినక్స్ మంచిదో చెడ్డదో నాకెందుకు. వేసినోళ్ళు వేసేసి హైదరాబాద్ బస్సెక్కుతారు, ఇక్కడ చెరువు మీద ఉన్న మనిషికి అడగడానికి ఎవరూ ఉండరు. చివరికి నా కౌంటర్ మీదకొస్తుంది. నాకు ఆ నల్ల తెర రాదు, రాదని చెప్తే షాపు పేరు పోతుంది, అందుకని లినక్స్ తీసేసి విండోస్ ఎక్కించేస్తాను. పోయిన నెల ఒకాయన డేటా కూడా పోయింది, ఆ మాట ఎవడికి పడిందనుకున్నారు?

చెరువుగట్టు:
నేనేం సరదాకి వెళ్ళానా హైదరాబాద్? మా ఊళ్ళో నా చదువుకి ఉద్యోగం చూపించండి, రేపే వచ్చేస్తా.

వశిష్ఠ ఒడ్డు:
ఆయన మాట నాకూ తగిలింది. నేను పనిచేసిన బడిలో కంప్యూటర్లన్నిటికీ లినక్స్ వేశాను. రిటైరై ఏడాది తిరక్కుండా వెళ్ళి చూస్తే ఒక్కదాంట్లోనూ లేదు. ఇన్నాళ్ళూ తర్వాత వచ్చినవాళ్ళ బద్ధకం అనుకున్నాను. ఎలా వాడాలో నేను చూపించి రాలేదన్న మాటా నిజమే. ఒక్కరికీ నేర్పలేదు.

సరే, ఇప్పుడు చేయాల్సింది. లాప్‌టాప్ ఆన్ చేయగానే షిఫ్ట్ పట్టుకోవాలి, కొన్నిటిలో ఎస్కేప్. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నెల్ ఎంచుకుంటే దానికి తయారైన డ్రైవరు ఇంకా ఉంటుంది కాబట్టి వైఫై వస్తుంది. అది రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను లాప్‌టాప్‌కి ఇచ్చే సెట్టింగు) ఆన్ చేయండి, దానికి ఈ డ్రైవరుతో పని లేదు. నెట్ వచ్చాక లినక్స్ హెడర్స్ జెనెరిక్ అనే ప్యాకేజీ వేసి, బ్రాడ్‌కామ్ ప్యాకేజీ మళ్ళీ వేస్తే సరి.

చెరువుగట్టు:
పాత కెర్నెల్‌తో వచ్చింది! అన్నయ్య పంపాల్సిన పట్టుబడి బిల్లు వెళ్ళిపోయింది. హెడర్లు రాత్రి ఫోన్‌లో చెప్పి వేయించాను, కొత్త కెర్నెల్‌లోనూ పనిచేస్తోంది. అన్నయ్య మాత్రం ఇకమీద అప్‌డేట్ అని అడిగితే వద్దనే నొక్కుతాడట.

వశిష్ఠ ఒడ్డు:
అలా మాత్రం చేయొద్దని చెప్పు. బ్యాంకు పని కూడా దాంట్లోనే చేస్తాడు కదా.

స్క్రూడ్రైవర్:
ఇంటెల్ కార్డు మార్చేస్తే ఈ పీడ పోదా?

వశిష్ఠ ఒడ్డు:
పోతుంది. కానీ కొన్ని పాత హెచ్‌పీ, లెనోవో మోడళ్ళలో బయోస్ (లాప్‌టాప్ ఆన్ చేయగానే ముందు లేచే ప్రోగ్రాం) వేరే కార్డును ఒప్పుకోదు, మోడల్ చూడకుండా కొనకండి. తమ్ముడూ, మాది నరసాపురం, మీ ఊరికి దూరమేం కాదు. నా నంబరు నీకు మెసేజ్‌లో పంపాను, అన్నయ్యకివ్వు. రాత్రి తొమ్మిది దాటితే ఎత్తను.

స్క్రూడ్రైవర్:
తొమ్మిది దాటాకే అండీ వీళ్ళకి పాడయ్యేది. ఆ నంబరు నాకూ పంపండి.