వేటగాళ్లతో కలిసి పబ్లిక్ ల్యాండ్స్ (ప్రభుత్వ భూములు) పనులకి వెళ్లినవాళ్లు ఉన్నారా?

డెన్వర్_కొండలు
కొలరాడో వచ్చి ఆరేళ్లయింది. వారాంతం వస్తే ట్రెయిల్ మీదే ఉంటాం. అక్టోబరులో వేట సీజన్‌కి మాత్రం పార్కింగ్‌లో తుపాకులు, నారింజ రంగు చొక్కాలు కనబడితే టెన్షన్. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక ఇండియాలో వేట అంటే నేరమే కదా, వీళ్లనీ అదే కంటితో చూశాను. 2025 జూన్‌లో సెనేటర్ మైక్ లీ పశ్చిమ రాష్ట్రాల్లో 20 లక్షల ఎకరాలకు పైగా ఫెడరల్ భూమిని అమ్మే ప్రతిపాదన తెచ్చారు. నేను ఫోన్ చేసి అభ్యంతరం చెప్పేలోపే వేటగాళ్లు, చేపలు పట్టేవాళ్లు వేలమంది చెప్పేశారు. నెలాఖరుకి దాన్ని వెనక్కి తీసుకున్నారు. అప్పటినుంచి వీళ్లతో కలిసి ఏదైనా చేయాలనుంది. ఎవరైనా వెళ్లారా?

షయాన్_గాలి
నేను వెళ్లానండీ, కంచె పనికి. వ్యోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్ అని జింకలాంటి జంతువు ఉంది. పరుగులో దాన్ని మించింది ఈ ఖండంలో లేదు, కానీ కంచె కనబడితే దూకదు, కింద నుంచి దూరుతుంది. అడుగున ముళ్లతీగ ఉంటే వీపు చీరుకుపోతుంది. ఆ తీగ తీసేసి, ముళ్లు లేనిది నేలకి 16 అంగుళాల పైన కట్టాలి.

నాకు జోడీగా అరవై దాటిన వేటగాడొకాయన వచ్చాడు. తీగ కత్తిరించే ముందు బూటుతో తొక్కిపట్టమన్నాడు, లేదంటే చుట్ట తిరిగి మొహం మీదకి లేస్తుందట. ఒకచోట ముళ్లకి తెల్లటి వెంట్రుకలు గుత్తిగా చిక్కుకుని ఉన్నాయి. తీసి నా అరచేతిలో పెట్టాడు. లోపల బోలు, వేళ్ల మధ్య నలిపితే ఎండుగడ్డిలా విరిగిపోయాయి. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ కంచె దగ్గర అంతవరకూ లేనంత శ్రద్ధగా పని చేశాను. మధ్యాహ్నం నా పులిహోర రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు.

సియాటెల్_పిట్ట
మా ఆవిడ పక్షుల ఫొటోలు తీస్తుంది, తుపాకి జోలికి వెళ్లదు. అయినా మేం ఏటా డక్ స్టాంప్ కొంటాం, ఫెడరల్ ప్రభుత్వం అమ్మే బాతుల వేట స్టాంప్ అది. 25 డాలర్లు. 1934 నుంచి బాతుల వేటకి వెళ్లేవాళ్లు కొని తీరాల్సిందే, వేటాడనివాళ్లూ కొనుక్కోవచ్చు. డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలలు కాపాడటానికి వెళ్తాయి. 1937 చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను కూడా వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. మన టెంట్ల మీద, హైకింగ్ బూట్ల మీద అలాంటి పన్ను లేదు. వాళ్లు ఇన్నేళ్లుగా డబ్బు కడుతుంటే మనం ఊరికే తిరిగాం అనిపిస్తుంది నాకు.

ఫోర్ట్‌కాలిన్స్_రైతుబిడ్డ
నిజమే, కానీ అన్నిట్లో కలుస్తారని అనుకోకండి. 2020లో తోడేళ్లని తిరిగి తేవాలా అని ఇక్కడ కొలరాడోలో ఓటింగ్ జరిగినప్పుడు ఒకే ట్రెయిల్‌లో పనిచేసిన మా గుంపే రెండుగా చీలింది. ఇప్పటికీ ఆ మాట ఎత్తం. భూమి అమ్మకం దగ్గర మాత్రం ఒక్క గొంతే.

సాల్ట్‌లేక్_తెలుగు
మూల దాటిన కేసు ఎవరూ చెప్పలేదే! ఇక్కడ కొన్నిచోట్ల భూమి చదరంగం గళ్లలా ఉంటుంది, ఒక గడి ప్రభుత్వానిది, పక్క గడి ప్రైవేటుది. మన ఊళ్ల గెట్టు తగాదాలాంటిదే. 2021లో మిస్సోరి నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు వ్యోమింగ్‌లో రెండు ప్రభుత్వ గళ్లు కలిసే మూల మీద చిన్న నిచ్చెన వేసి, ప్రైవేటు నేలని తాకకుండా దాటారు. భూస్వామి కోర్టుకి ఈడ్చాడు. 2025 మార్చిలో ఫెడరల్ అప్పీల్ కోర్టు వాళ్లవైపే తీర్పిచ్చింది, అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ జోలికి వెళ్లలేదు. కెమెరాతో వెళ్లే నాకూ ఆ దారి తెరుచుకున్నట్టే. వాళ్లకి నేను రుణపడి ఉన్నాను.

డెన్వర్_కొండలు
అందరికీ థాంక్సండీ. సెప్టెంబరు నాలుగో శనివారం పబ్లిక్ ల్యాండ్స్ డేకి మా ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను, కంచె పనికే. షయాన్ అన్నా, గ్లౌజులు వాళ్లే ఇస్తారా?

షయాన్_గాలి
మీవే తెచ్చుకోండి. మందపాటి తోలువి, మణికట్టు దాటి పైకి ఉండాలి. కళ్లజోడు కూడా.