బొమ్మలేసేటప్పుడు ఏం పాటలు వింటారు?

ప్రశ్న: మాది విజయనగరం, ఫైన్ ఆర్ట్స్ సెకండియర్. రాత్రి భోజనాలయ్యాక గెశ్చర్ డ్రాయింగ్ (మనిషి పోజు, కదలిక గబగబా గీసెయ్యడం) ప్రాక్టీస్ చేస్తా, పాటల్లేకపోతే చెయ్యి కదల్దు, తీరా సినిమా పాట పెడితే నేనూ పాడుకుంటూ కూర్చుంటా, పేజీ ఖాళీ. మీరేటి వింటారు?

జవాబు 1: మాటలుంటే అంతే తమ్ముడూ. వయొలిన్ పెట్టు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగులు విను, మన ఊరి సంగీత కాలేజీలో పాఠం చెప్పినాయనే కదా, 1919లో పెట్టిన కాలేజీ అది. ఆలాపన నడుస్తుంటే భుజం నుంచి పొడుగు గీతలు లాగు, మణికట్టుతో గీకకు.

జవాబు 2: నాకు కచేరీ అంటే నిద్దరొచ్చేస్తాది బాబూ. తప్పెటగుళ్ల వీడియో పెట్టు, గుండె మీద తప్పెట కొడుతూ గెంతుతారు కదా, ఎక్కడ ఆపినా మాంచి పోజు. 30 సెకన్లలో నడుం వంపు, కాళ్ల బరువు పట్టుకో, మొహాలు తర్వాత. బొగ్గుతో అయితే బేగి అవుద్ది.

జవాబు 3: షేడింగ్‌కి ఏదైనా పర్లేదు, పర్‌స్పెక్టివ్‌కి (దూరం, లోతు కనబడేలా గీయడానికి) మాత్రం ఏదీ వద్దు. గంటస్తంభం దగ్గర కూర్చుని గీస్తే ఆటో హారన్లే, వద్దన్నా వినాల.

ప్రశ్న అడిగినోడు: తప్పెటగుళ్లు సూపరన్నా, పక్క రూమోడు తలుపు బాదేశాడు. వెయ్యిలోపు హెడ్‌ఫోన్స్ ఏవి బాగుంటాయి?