హోమ్ పిల్లలతో బాల్య వివాహాల నాటిక వేయించబోయి తప్పు చేశాను, ఇప్పుడేం చేయాలి?

ఆదివారం_టీచర్:
మా టౌన్‌లో ఒక ఆడపిల్లల హోమ్‌కి ఏడు నెలలుగా ఆదివారాలు వెళ్తున్నాను. పాటలు, బొమ్మలు, ఏది కుదిరితే అది. సంగీతం చిన్నప్పుడు నాలుగేళ్లు నేర్చుకున్నానంతే, ఉద్యోగం బ్యాంకులో. నవంబర్ 14కి బాల్య వివాహాల మీద నాటిక వేయిస్తే స్పీకర్, రెండు కంజీరలు కొనిస్తామని ఒక దాత అన్నారు. సరేనని నేనే రాసి, గలగలా మాట్లాడే ఒక ఎనిమిదో తరగతి పిల్లకి పెళ్లికూతురు వేషం ఇచ్చాను. మొదటి ఆదివారం బాగానే చేసింది. రెండోవారం కాగితం పూలదండ మెడలో వేయబోతే నా చెయ్యి తోసేసి, వెళ్లి నీళ్ల డ్రమ్ము పక్కన గోడకి మొహం ఆనించి నిలబడిపోయింది, భోజనానికి కూడా రాలేదు. తర్వాత హోమ్‌లో పనిచేసే ఆయమ్మ చెప్పింది, ఆ పిల్లని పెళ్లిపీటల మీద నుంచే తీసుకొచ్చారట. నాకు ముందు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పట్నుంచీ సరిగ్గా నిద్ర లేదు. నాటిక మానేయాలా, మిగతావాళ్లతో కానివ్వాలా? అసలు ఈ పాటలూ బొమ్మలూ వాళ్లకేమైనా పనికొస్తున్నాయా, నా తృప్తి కోసం వెళ్తున్నానా? తిట్టినా పర్లేదు, చెప్పండి.

హాస్టల్_బ్యాచ్:
అక్కా, నేను అలాంటి చోటే పదేళ్లు పెరిగాను. కేకులు పట్టుకుని చాలామంది వచ్చేవాళ్లు, ఎవరి పుట్టినరోజో కూడా తెలీకుండా వరసగా నిలబడి హ్యాపీ బర్త్‌డే పాడేవాళ్లం (కేకు మాత్రం బావుండేది, అబద్ధం ఎందుకు). ఒక డ్రాయింగ్ సారు మాత్రం రెండేళ్లు ప్రతి శనివారం వచ్చాడు. ఇది గీయి అది గీయి అనేవాడు కాదు, కాగితాలు, క్రేయాన్లు బల్ల మీద పెట్టి తనూ ఓ మూల కూర్చుని గీసుకునేవాడు. నేను నాలుగు నెలలపాటు లారీలే గీశాను. మా నాన్న లారీ క్లీనర్. ఎందుకురా ఎప్పుడూ లారీలే అని ఆయన ఒక్కసారీ అడగలేదు. బొమ్మల వల్ల నా బతుకు మారిపోయిందని చెప్పను, కానీ శనివారం ఆయన వస్తాడనేది ఖాయం, మాకు ఖాయంగా ఉండేవి చాలా తక్కువ. నువ్వు ఈ ఆదివారం మానొద్దు. మానేస్తే తనవల్లే రాలేదనుకుంటుంది. అందరి ముందూ సారీ కూడా చెప్పకు, తెలియనివాళ్లకీ తెలిసిపోతుంది.

బాలల_వైపు:
ముందు మీ పోస్టులోంచి ఆ తరగతి తీసేయండి మేడమ్, పెళ్లిపీటల మాట కూడా. 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఇలాంటి పిల్లల పేరు, ఫొటో, స్కూలు, గుర్తుపట్టేలా ఉండే ఏ వివరమూ బయట పెట్టకూడదు, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. దాత ఫొటోలు తీసి గ్రూపుల్లో పెడతానంటే ఆ మాటే చెప్పండి. మీకు ముందు చెప్పకపోవడం హోమ్ తప్పు కాదు, కేసు సంగతులు వాలంటీర్లకి చెప్పకూడదు. ఆయమ్మ చెప్పడమే తప్పు. అందుకే ప్రతి పిల్లా ఏదో ఒకటి దాటుకుని వచ్చిందనే అనుకుని కథ ఎంచుకోవాలి. ఆ పిల్ల ఇంకా తిండి మానేసినా, నిద్ర పోకపోయినా హోమ్ కౌన్సెలర్‌కి చెప్పండి, అది మీరు పాటతో సరిచేసే పని కాదు.

నాటికకి బదులు తోలుబొమ్మలాట పెట్టి చూడండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు పల్చగా గీకి చేస్తారు, మీకు అంత అవసరం లేదు, కాగితం మీద స్కెచ్ పెన్నులతో రంగులేసి కొబ్బరినూనె పట్టిస్తే రంగు తెర మీద కనిపిస్తుంది. వెనక వెదురుపుల్ల, ముందు తెల్ల పంచె. తెర వెనక పిల్ల మొహం ఎవరికీ కనపడదు, ఫొటోల గొడవే లేదు. పైగా మాట్లాడేది బొమ్మ కదా, తను కాదు. మొదట్లో సందేశం జోలికి పోకండి, తోలుబొమ్మలాటలో నవ్వించే జంట జుట్టుపోలిగాడు, బంగారక్క తిట్టుకుంటుంటే పిల్లలు పడీ పడీ నవ్వుతారు.

లెక్కల_మాస్టారు:
ఉపయోగమా అన్నారు కాబట్టి. వెనిజులాలో 1975లో అబ్రెయు అనే ఆయన పేద పిల్లల కోసమని పెట్టిన ఎల్ సిస్టెమా అనే సంగీత శిక్షణలో లక్షల మంది పిల్లలు ఆర్కెస్ట్రా నేర్చుకున్నారు, పేరున్న ఆర్కెస్ట్రా కండక్టర్ డుడమెల్ అందులోంచే వచ్చాడు. 16 కేంద్రాల్లో 2,914 మందిని లాటరీ వేసి పరీక్షిస్తే పిల్లల్లో నిగ్రహం కాస్త పెరిగిందన్నారు, అద్భుతాలేం లేవు. నాకు గుర్తుండిపోయింది వేరే: ఆ కేంద్రాలున్న రాష్ట్రాల్లో పిల్లల పేదరికం 46.5 శాతం అయితే పేరు నమోదైన పిల్లల్లో 16.7 శాతమే. అంటే ఎవరికోసం అన్నారో వాళ్లలో చాలామంది గుమ్మం దాకా రాలేదు. మీ హోమ్‌లో కూడా ఆదివారం వంటింట్లో ఉండిపోయేది ఎవరో చూడండి.

పెన్నా_గట్టు:
సందేశం వద్దనేదానికి నేను ఒప్పుకోను. మా నెల్లూరు జిల్లాలో 1990లో అక్షరాస్యత ఉద్యమం మొదలైనప్పుడు పాటలు, నాటికల బృందాలు (కళాజాతాలు) ఊరూరా తిరిగాయి, వాచకంలో సారా మీద రాసిన సీతమ్మ కథ చదివాక దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, 1993లో రాష్ట్రమంతా సారా బందయింది. కథకి ఆ బలం ఉంది.

బాలల_వైపు:
ఉందండీ. కానీ దూబగుంటలో చదివినవాళ్లు పెద్దవాళ్లు, మూయించాలని వాళ్లే కూర్చుని అనుకున్నారు. ఇక్కడ రాసింది మేడమ్, అడిగింది దాత.

ఆదివారం_టీచర్:
అందరికీ థాంక్స్, పోస్టులో ఆ వివరాలు ఇప్పుడే తీసేస్తాను. వెళ్లాను. పంచె తెరగా కట్టాం, బొమ్మలు కత్తిరించాం. తను బొమ్మ ముట్టుకోలేదు, బల్బు పట్టుకుంటానంది, గంటన్నర అక్కడే కూర్చుంది. నాతో మాట్లాడింది ఒక్కటే, “చెయ్యి కాలుతోంది, గుడ్డ ఇవ్వండి”. వంటింట్లో ఇద్దరు దొరికారు మాస్టారూ, వచ్చేవారం వాళ్ల వంతు మారుస్తామన్నారు. దాతకి నాటిక లేదని చెప్పాను, స్పీకర్ కూడా లేదన్నారు. చేతికి కాలుతోందని ఎల్‌ఈడీ బల్బు మార్చితే నీడ మసకగా పడుతోంది, ఏం చేయాలి?

హాస్టల్_బ్యాచ్:
పాలరంగు బల్బు అయ్యుంటుంది అక్కా, వెలుతురు చిన్న చుక్క లోంచి రావాలి. ఫోన్ టార్చ్ పెట్టి చూడు.