జన్యు లోపాలున్న పిల్లల్లో మూర్ఛను ముందే అరికడితే ఆటిజం తప్పుతుందా?

సుధీర:
మెదడులోనూ ఇతర అవయవాల్లోనూ గడ్డలు పెరిగే జన్యు వ్యాధి ట్యూబరస్ స్క్లెరోసిస్. అది ఉన్న పిల్లల్లో పదిమందిలో ఎనిమిది మందికి పైగా మూర్ఛ వస్తుంది, దాదాపు సగం మందిలో ఆటిజం కనిపిస్తుంది. అయిదారు నెలల బిడ్డ నిద్ర లేవగానే తల ముందుకు వాల్చి, రెండు చేతులూ ఒక్కసారిగా చాచి, కొన్ని సెకన్లకొకసారి అలాగే ఉలిక్కిపడడం మొదలుపెట్టిన కొద్ది వారాలకే నవ్వు తగ్గి, అమ్మ ముఖంలోకి చూడడం మానేస్తుంది. ఈ మూర్ఛలు ఎంత చిన్న వయసులో మొదలై, మందులకు ఎంత లొంగకుండా పోతే ఆటిజం అంత ఎక్కువగా కనిపిస్తోంది. కనుక మొదటి మూర్ఛ రాకముందే మందు మొదలుపెట్టాలని నా వాదన.

వాసంతి:
సుధీర గారూ, రెండూ కలిసి రావడం నిజమే; ఒకటి రెండోదానికి కారణమనడాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఈ వ్యాధిలో లోపం ఉండేది టీఎస్‌సీ1 లేదా టీఎస్‌సీ2 అనే జన్యువులో; ఆ జన్యువులు కణాల పెరుగుదలను నడిపే ఎంటార్ వ్యవస్థను అదుపులో ఉంచుతాయి. ఆ అదుపు తప్పితే నాడీకణాల అమరిక గర్భంలోనే దెబ్బతింటుంది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలిన బిడ్డకు మూర్ఛ త్వరగా వస్తుంది, ఆటిజమూ వస్తుంది.

మీరు కోరిన ప్రయత్నం జరిగింది కూడా. 2021లో వెలువడిన ఎపిస్టాప్ అనే అధ్యయనంలో, మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో తేడా కనిపించగానే, మూర్ఛ రాకముందే ఈ వ్యాధి ఉన్న కొందరు పసివాళ్ళకు విగాబాట్రిన్ అనే మూర్ఛ మందు ఇచ్చారు. మూర్ఛలు ఆలస్యమయ్యాయి, మొండి మూర్ఛలూ తగ్గాయి. రెండేళ్ళ వయసు నాటికి ఆటిజంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ మందు చుట్టుపక్కల చూపును శాశ్వతంగా తగ్గించే ప్రమాదం ఉందనీ మరవకూడదు. ఆటిజంతో ముడిపడిన మరో జన్యు లోపం ఫ్రాజైల్ ఎక్స్ ఉన్న పిల్లల్లో మూర్ఛ వచ్చేది సుమారు 10 నుంచి 20 శాతం మందికే. ఒక్క ఫిట్ కూడా రాని పిల్లల్లోనూ ఆటిజం ఉంటున్నప్పుడు దానికి మూర్ఛ కారణమని ఎలా అంటాం?

సుధీర:
అది వందమందికి లోపు పిల్లలతో జరిగిన అధ్యయనం, పైగా ఆటిజాన్ని తేల్చడానికి రెండేళ్ళు చిన్న వయసు. పసితనంలోనే తీవ్రమైన మూర్ఛలు తెచ్చే డ్రావే సిండ్రోమ్‌కు కారణమైన ఎస్‌సీఎన్1ఎ జన్యు లోపమున్న ఎలుకలకు తక్కువ మోతాదులో క్లోనజెపామ్ అనే మూర్ఛ మందు ఇస్తే తోటి ఎలుకలతో మెలిగే తీరు మెరుగుపడిందని 2012లో ప్రచురించారు కదా?

వాసంతి:
ఆ మందు అక్కడ సరిచేసింది నాడీకణాల ఉద్రేకాన్ని అణచే సంకేతాల లోటును. మూర్ఛకూ ప్రవర్తనకూ మూలం ఆ లోటే కనుక ఆ ఫలితం నా వాదనకే దగ్గరగా ఉంది.

మాధవి:
నేను ఇలాంటి పిల్లలకు థెరపీ ఇస్తాను. ఎడతెగని మూర్ఛ మెదడు ఎదుగుదలకు అదనపు హాని చేస్తుంది కనుక చికిత్స ఆలస్యం కాకూడదన్న సుధీర గారి మాట సరైనదే. కానీ “ముందు ఫిట్స్ తగ్గనీ, మాటల సంగతి తర్వాత చూద్దాం” అని ఏళ్ళు గడిపేసిన కుటుంబాలు నా దగ్గరికి వస్తున్నాయి. వాసంతి గారు చెప్పినట్టు మూలం ఒక్కటే అయితే, ఫిట్స్ తగ్గినంత మాత్రాన మాటలు వాటంతటవే రావు. అందుకే మూర్ఛ మందు మొదలైన వారంలోనే ఆ బిడ్డను థెరపీకీ పంపమని డాక్టర్లను అడుగుతున్నాను.