శనగ చేలో తెల్లపొడి మొక్క: పప్పుకూరేనా, కాదా?

నల్లరేగడి: జహీరాబాద్ దగ్గర మా శనగ చేలో ఈ మొక్క గుంపులు గుంపులుగా లేచింది, మోకాలెత్తు ఉంది. ఫొటోలు మసగ్గా వచ్చాయి కాబట్టి మాటల్లో చెప్తా. ఆకులు కాండానికి ఒకటి ఇటు ఒకటి అటు, కింది ఆకు అంచున గాట్లతో బాతు పాదంలా, పై ఆకులు సన్నగా గాట్లు లేకుండా. లేత కొసలు పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి, కాండం మీద నిలువు చారలు. అమ్మ దీన్ని పప్పుకూర అంటుంది, ఒకసారి పప్పులో వేసింది కూడా. చిన్నాయన మాత్రం "అది వేరే, ముట్టుకోకండి" అంటున్నాడు. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి, మీరే తేల్చాలి.

ఢిల్లీ_కూరాకు: అమ్మదే కరెక్ట్ తమ్ముడూ. ఇక్కడ చలికాలం వస్తే బండ్ల నిండా ఇదే, బథువా అంటారు, పరాఠాల్లో, రైతాలో వేస్తారు. కొసను వేలితో రుద్దు, తెల్లపొడి అంటుకుంటే అదే. నిశ్చింతగా వండుకోండి.

హెర్బేరియం_పురుగు: అదే తొందరపాటు అండీ. ఆ పొడి పొడే కాదు, నీళ్లు నిండిన తిత్తుల్లాంటి రోమాలు, ఎండి ముడుచుకుంటే పిండిలా కనిపిస్తాయి. పప్పుకూరకు, అంటే శాస్త్రీయ నామంలో కీనోపోడియం ఆల్బంకి, ఉన్నట్టే దాని చుట్టాలు చాలావాటికి ఉంటాయి. పొడి చూస్తే కుటుంబం తెలుస్తుంది, మనిషి తెలియడు. ముందు ఆకు నలిపి వాసన చూడండి. గంధంలాగో మందులాగో ఘాటుగా కొడితే డిస్ఫానియా అనే వేరే ప్రజాతి. ఏదో కుళ్లు వాసన వచ్చి, ఆకు పైభాగం మెరుస్తూ, అంచున వంకరటింకర సూది గాట్లుంటే మ్యూరేల్ అనే ఇంకో చుట్టం అనుకోవచ్చు. 2012లో దాన్ని కీనోపోడియాస్ట్రం అనే వేరే ప్రజాతిలోకి మార్చారు, పాత పుస్తకాల్లో ఇంకా కీనోపోడియం మ్యూరేల్ అనే ఉంటుంది.

నల్లరేగడి: వాసన ఏమీ లేదు సార్, మామూలు పచ్చాకు వాసనే. కానీ ఒకటి రెండు మొక్కల్లో కింది ఆకు మూడు పాయలుగా ఉంది, నడిమి పాయ పొడుగ్గా.

బెంగళూరు_మేడతోట: అయితే అది ఆల్బం చుట్టం ఫిసిఫోలియం! అత్తిపండు ఆకులా మూడు పాయలు, నడిమి పాయ అంచులు సమాంతరంగా, ఇంకేం కావాలి? మా మార్కెట్లో చక్రవర్తి సొప్పు పేరుతో దొరికే కట్టల్లో నాకు రెండు రకాల ఆకులూ కనిపిస్తాయి.

హెర్బేరియం_పురుగు: మేడం, ఆకును నమ్మితే మునుగుతాం. ఒకే మొక్కలో కింద ఒక ఆకారం, మధ్యలో ఒకటి, పూత దగ్గర ఒకటి. ఆల్బంలోనూ మూడు పాయల ఆకులు వస్తాయి. అయిదు పరిపత్రాలు (పువ్వు చుట్టూ ఉండే రేకుల్లాంటివి), అయిదు కేసరాలు అంటూ పువ్వు లెక్కపెట్టినా ఈ రెండింటికీ తేడా రాదు. తేల్చేది గింజ. ముదిరిన గింజను వేళ్ల మధ్య నలిపి పైపొర తీసి పది రెట్ల లెన్సులో చూడాలి. ఆల్బంది నల్లగా మెరుస్తూ దాదాపు నునుపుగా ఉంటుంది, సన్నని గీతలు మాత్రమే. ఫిసిఫోలియంది ఇంకా చిన్నది, మిల్లీమీటరు అటూ ఇటూ, తేనెపట్టులా గుంటలు. మ్యూరేల్‌ది మెరవదు, చుట్టూ పదునైన అంచు, పొర ఒక పట్టాన ఊడదు.

ఢిల్లీ_కూరాకు: గింజ పట్టేదాకా ఆగితే కూర పుల్లలవుతుంది సారూ! మా అమ్మమ్మ ఏ లెన్సు పెట్టుకుని కోసింది?

హెర్బేరియం_పురుగు: మీ అమ్మమ్మకు కావలసింది కూర, ఇక్కడ అడిగింది జాతి పేరు. కూరకైతే మెత్తటి ఆకు, పొడి, దుర్వాసన లేకపోవడం చాలు, అందులో మీతో పేచీ లేదు. జాతి దగ్గరే చిక్కు. మన దేశంలో ఆల్బం అని పిలిచేవాటిలో 18, 36, 54 క్రోమోజోములున్నవి మూడూ ఉన్నాయి, యూరప్‌లో అసలు ఆల్బం అనేది 54ది. అంటే ఒకే పేరు కింద ఒకటికి మించి జాతులు ఉండొచ్చు, అందుకే గింజ చూశాక కూడా నేను "విశాలార్థంలో ఆల్బం" అనే రాస్తాను. నవ్వుకోండి. ఇంకోటి, చేలో కలుపుమందు కొట్టి ఉంటే ఏ జాతైనా తినకండి. ఈ ఆకుల్లో ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీ రాళ్లున్నవాళ్లు జాగ్రత్త, ఉడికించిన నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతాయి.

నల్లరేగడి: మందు కొట్టలేదు. గట్టు మీద నాలుగు మొక్కలకు ఎర్ర దారం కట్టి వదిలేశా.

నల్లరేగడి (నెలన్నర తర్వాత): గింజలు వచ్చాయి. మా తమ్ముడి కాలేజీ లెన్సులో చూశాం. నాలుగు మొక్కలవీ నల్లగా, నున్నగా మెరుస్తున్నాయి, గుంటలు లేవు, మూడు పాయల ఆకున్నదాంట్లో కూడా. అయితే అసలు కథ వేరే. చిన్నాయనను చేలోకి తీసుకెళ్లి "ఏది వేరే?" అంటే, ఆయన చేనుకే రాలేదు, నేరుగా పశువుల కొట్టం గోడ పక్కకు తీసుకెళ్లాడు. అక్కడున్నది ముదురాకుపచ్చగా మెరుస్తోంది, సూది గాట్లు, నలిపితే ముక్కు మూసుకోవాలి. గింజకు అంచు కూడా ఉంది.

హెర్బేరియం_పురుగు: మ్యూరేల్! ఆ మాటకు లాటిన్లో అర్థమే గోడలది అని. మీ చిన్నాయనకు నా నమస్కారం చెప్పండి.

బెంగళూరు_మేడతోట: మూడు పాయల దాని గింజలు కొన్ని పోస్టులో పంపుతారా? నేను ఇంకా ఒప్పుకోలేదు.

నల్లరేగడి: పంపుతా మేడం. చిన్నాయన మాత్రం గోడ దగ్గరి మొక్క పీకేశాక కూడా మా ఇంట్లో పప్పు తినట్లేదు.